సిల్వర్ ఫాల్స్‌కు పెద్దవాళ్ళతో వెళ్తున్నారా? మోకాళ్ళను బట్టి దారి ఎంచుకోండి

ఒరెగాన్‌లోని సిల్వర్ ఫాల్స్ స్టేట్ పార్కు అనగానే అందరూ చెప్పే మాట "పది జలపాతాలు". ఆ అంకె పట్టుకుని, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను పొద్దున్నే కారెక్కించి, పూర్తి చుట్టు 7.2 మైళ్ళు (11.6 కిలోమీటర్లు) నడిపించేద్దామని బయలుదేరేవాళ్ళు చాలామంది. దారి సగంలో నాన్నగారికి మోకాలు పట్టేస్తే, లోయ అడుగు నుంచి ఎక్కడపడితే అక్కడ పైకి రావడానికి వీలుండదు. అయితే ఈ పెద్ద చుట్టును మధ్యలో తగ్గించే అడ్డదారులు మూడున్నాయి: మేపుల్ రిడ్జ్, వింటర్, ట్విన్ ఫాల్స్ ట్రయల్స్. ఇవి కాక, రోడ్డు పక్క పార్కింగ్ నుంచి కాస్త దిగితే చాలు, కనిపించే జలపాతాలూ ఉన్నాయి. ఎవరు ఎంత నడవగలరో ముందే లెక్క వేసుకుంటే అరవై దాటినవాళ్ళు కూడా హాయిగా తిరిగి వస్తారు.

పార్కు సేలం ఊరికి తూర్పున, సిల్వర్టన్‌కు సుమారు పదిహేను మైళ్ళ దూరంలో, 214 హైవే మీద ఉంది. పోర్ట్‌లాండ్ పక్కనున్న హిల్స్‌బరో, బీవర్టన్ వైపు నుంచి గంటన్నర ప్రయాణం అనుకోండి. సిల్వర్టన్ నుంచి వచ్చే రోడ్డుకు మలుపులు ఎక్కువ. కారులో కడుపు తిప్పే అలవాటున్నవాళ్ళను ముందు సీట్లో కూర్చోబెట్టండి. పార్కులో పెట్రోలు దొరకదు, ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. మ్యాపు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో కారు దిగకముందే అనుకోండి.

పార్కింగ్ పర్మిట్ విషయంలో చాలామంది పొరబడతారు. నేషనల్ పార్కుల వార్షిక పాస్ ఇక్కడ పనికిరాదు, ఇది రాష్ట్రం పార్కు. రోజు పర్మిట్ 2025లో 5 డాలర్ల నుంచి 10కి పెరిగింది, వెళ్ళేముందు అప్పటి ధర చూసుకోండి. ఒకసారి కొన్న పర్మిట్ ఆ రోజంతా పార్కులోని అన్ని పార్కింగ్ స్థలాలకూ చెల్లుతుంది. కింద చెప్పబోయే పద్ధతికి ఆధారం ఇదే.

పెద్దవాళ్ళకు మా మొదటి సలహా: చుట్టు నడవొద్దు, రెండు కొసలూ చూడండి. ముందు దక్షిణం వైపు, సౌత్ ఫాల్స్ దగ్గర కారు ఆపండి. 177 అడుగుల ఈ జలపాతాన్ని పైనుంచి చూసే చోటు వరకు చదునైన తారుబాట ఉంది, వీల్‌చెయిర్, పిల్లల స్ట్రోలర్ అక్కడిదాకా వెళ్తాయి. అక్కడి నుంచి కిందకు వాలుగా దిగి, జలపాతం వెనకగా నడిచి, కింద వంతెన దాటి తిరిగి పైకి వస్తే మొత్తం దాదాపు ఒక మైలు. దిగుడు కొంచెం నిటారుగా ఉంటుంది కానీ దారి వెడల్పు, పక్కన రక్షణ కట్టడం ఉన్నాయి. ఆగి ఆగి నడిస్తే గంట పడుతుంది.

తర్వాత కారెక్కి హైవే మీదే ఉత్తరం కొసకు, నార్త్ ఫాల్స్ పార్కింగ్‌కు వెళ్ళండి. ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. హైవే కిందుగా వెళ్ళే దారి అప్పర్ నార్త్ ఫాల్స్‌కు (65 అడుగులు) తీసుకెళ్తుంది. అర మైలు కూడా ఉండదు, దాదాపు చదును, జనం తక్కువ. మోకాళ్ళు బాగాలేనివాళ్ళకు ఈ పార్కులో ఇంతకంటే మంచి నడక లేదు, అయినా సగంమంది దీన్ని చూడకుండానే వెళ్ళిపోతారు. రెండో దారి రాతి మెట్లు దిగి 136 అడుగుల నార్త్ ఫాల్స్ వెనక్కి వెళ్తుంది. ఇక్కడి గుహ సౌత్ ఫాల్స్ గుహ కంటే చాలా పెద్దది. మెట్లు దిగలేనివాళ్ళు నిరాశపడనక్కర్లేదు. హైవే పక్కనే కారు ఆపుకుని దూరం నుంచి నార్త్ ఫాల్స్ చూసే చోటు ఒకటి ఉంది.

ఇన్ని జలపాతాల వెనక నడిచే వీలు ఎలా కలిగిందో తెలిస్తే ఆ నడక ఇంకా బాగుంటుంది. సుమారు కోటిన్నర సంవత్సరాల కిందట ఇక్కడికి పారి వచ్చిన లావా గట్టిపడి బసాల్ట్ రాయి అయింది. దాని కింద ఉన్న పొర మెత్తనిది. నీటి తుంపర, చలికి గడ్డకట్టి విడిచే తేమ ఆ మెత్తని పొరను తినేస్తూ వచ్చాయి, పై రాయి మాత్రం ఇంటి చూరులా ముందుకు నిలబడిపోయింది. నార్త్ ఫాల్స్ గుహలో తలెత్తి చూడండి, పైకప్పులో గుండ్రని నిలువు గుంతలు కనిపిస్తాయి. లావా వచ్చినప్పుడు నిలబడి ఉన్న చెట్లు కాలిపోయి మిగిల్చిన అచ్చులవి. చాలామంది ఫొటోల హడావుడిలో పైకి చూడరు.

కాస్త నడవగలిగినవాళ్ళకు మేపుల్ రిడ్జ్ చుట్టు, రెండు మైళ్ళ పైచిలుకు. మామూలుగా అందరూ సౌత్ ఫాల్స్ దిగి, లోయలో ముందుకెళ్ళి, 180కి పైగా మెట్లు దిగి, 93 అడుగుల లోయర్ సౌత్ ఫాల్స్ వెనకగా నడిచి, మేపుల్ రిడ్జ్ వాలు ఎక్కి తిరిగి వస్తారు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు ఎక్కడం కంటే దిగడమే బాధ, అందులోనూ తడి మెట్లు దిగడం మరీ బాధ. వాళ్ళు ఈ చుట్టును తిరగేసి నడవాలి. సౌత్ ఫాల్స్ పార్కింగ్ వైపున్న లాడ్జ్ దగ్గర నుంచి మేపుల్ రిడ్జ్ వాలు దిగి, లోయ దారిలో ఎడమకు తిరిగి, లోయర్ సౌత్ ఫాల్స్ చూసి, ఆ మెట్లు ఎక్కి రావాలి. ఆయాసం, గుండె జబ్బు ఉన్నవాళ్ళకు మాత్రం అంత పొడవు మెట్లు ఒక్కసారిగా ఎక్కడం మంచిది కాదు, వాళ్ళు మామూలు వైపే వెళ్ళాలి. రెండు బాధలూ ఉంటే ఈ చుట్టే వద్దు, పైన చెప్పిన రెండు కొసలు చాలు.

రోజూ నడిచే అలవాటున్నవాళ్ళకు వింటర్ ట్రయల్ దగ్గర పైకి వచ్చేసే చుట్టు సరిపోతుంది, దాదాపు ఐదు మైళ్ళు. ఏడు జలపాతాలు కలుస్తాయి. వాటిలో మిడిల్ నార్త్ ఫాల్స్ (106 అడుగులు) దగ్గర పక్కకు చీలే చిన్న దారిని వదలొద్దు, అది జలపాతం వెనకదాకా వెళ్ళి ఆగిపోతుంది. అన్నింటికంటే ఎత్తైనది డబుల్ ఫాల్స్, 178 అడుగులు. కానీ నీరు పలచగా ఉండటం వల్ల చాలామందికి సౌత్ ఫాల్సే ఎత్తుగా తోస్తుంది. డ్రేక్ ఫాల్స్ 27 అడుగులే. సిల్వర్టన్ ఫొటోగ్రాఫర్ జూన్ డ్రేక్ పేరు దానికి పెట్టారు. ఈ అడవిని కాపాడాలని ఫొటోలు తీసి ఊరూరా చూపించినవాడు ఆయన. 1926లో దీన్ని నేషనల్ పార్కు చేయాలన్న ప్రయత్నం, నరికేసిన చెట్ల మొద్దులు మరీ ఎక్కువ ఉన్నాయని ఆగిపోయింది. 1933లో రాష్ట్రం పార్కుగా ప్రారంభించింది. ఈరోజు డగ్లస్ ఫర్, హెమ్లాక్ నీడలో నడుస్తుంటే, ఆ మొద్దుల మధ్య ఇంత అడవి మళ్ళీ లేచిందంటే నమ్మబుద్ధి కాదు.

పూర్తి చుట్టుకు నాలుగు నుంచి ఐదు గంటలు. మొత్తం ఎక్కుడు సుమారు 800 అడుగులు. లోయ పైఅంచున సాగే తిరుగు దారి రిమ్ ట్రయల్‌లో జలపాతాలు పెద్దగా ఉండవు, అడవి నడక మాత్రమే. గుంపులో కారు నడిపేవాళ్ళు ఇద్దరుంటే ఒక కారు ఉత్తరం కొసన వదిలి లోయ దారి ఒక్కటే నడవండి, రిమ్ మిగిలిపోయినా నష్టం లేదు.

ఏ నెలలో వెళ్ళాలన్నది దారి ఎంపిక అంత ముఖ్యం. అమ్మానాన్నలు ఎక్కువగా వేసవిలోనే వస్తారు, నీరు తగ్గేదీ అప్పుడే. ఆగస్టు, సెప్టెంబరులో సౌత్, నార్త్ ఫాల్స్ సన్నగా పడుతూనే ఉంటాయి, వింటర్ ఫాల్స్ మాత్రం దాదాపు ఎండిపోతుంది. వాళ్ళు ఏప్రిల్‌లో దిగితే మే నెలలోనే తీసుకెళ్ళండి: నీళ్ళు నిండుగా, చలి తక్కువ. జులైలో దిగితే అక్టోబరు చివరిదాకా ఆపండి. తొలి వానలు పడి నీరు పెరుగుతుంది, మేపుల్ ఆకులు పసుపు తిరుగుతాయి. కాకపోతే అప్పుడు పొద్దు త్వరగా వాలుతుంది, మధ్యాహ్నం రెండు దాటాక లోయలోకి దిగొద్దు. చలికాలంలో మెట్ల మీద మంచు గడ్డకడుతుంది, ఆ రోజుల్లో పెద్దవాళ్ళతో అసలు వద్దు.

జారడం ఎక్కువగా జలపాతాల వెనకే. పైనుంచి చుక్కలు పడి నేల ఎప్పుడూ బురదగా ఉంటుంది. చెప్పులు, అరిగిన వాకింగ్ షూస్ పనికిరావు. అడుగున లోతైన గాడులున్న షూస్, చేతికర్ర ఒకటి, పలచని రెయిన్‌కోటు ఉండాలి. అక్కడ గొడుగు అడ్డమే అవుతుంది. చీర కట్టుకునే అమ్మలకు కుచ్చిళ్ళు మెట్ల మీద కాలికి తగులుతాయి, ఆ రోజుకు చుడీదార్ మేలు. లోయలో మంచినీళ్ళు, టాయిలెట్ లేవు. రెండూ పార్కింగ్ దగ్గరే చూసుకుని దిగాలి. కుక్కలను లోయ దారిలోకి రానివ్వరు.

తిండికి సౌత్ ఫాల్స్ లాడ్జ్‌లో చిన్న కెఫే ఉంది, శాకాహారులు దాన్ని నమ్ముకోకూడదు. చుట్టూ పిక్నిక్ బల్లలు బోలెడు. పులిహోర, పెరుగన్నం తెచ్చుకుంటే సరి. శని ఆదివారాల్లో ఆ పార్కింగ్ త్వరగా నిండిపోతుంది. తొమ్మిదిలోపు చేరలేకపోతే ఉత్తరం కొసన మొదలుపెట్టి, భోజనాల వేళ దాటాక దక్షిణానికి రండి.

రాత్రి ఉండాలంటే పార్కులోనే 14 క్యాబిన్లున్నాయి, ఆరు నెలల ముందు బుకింగ్ మొదలవుతుంది, వేసవి వారాంతాలు వెంటనే అయిపోతాయి. కరెంటు, హీటర్, పరుపులు ఉంటాయి. దుప్పట్లు, దిండ్లు మనవే. వంట బయటే చేసుకోవాలి, బాత్రూమ్‌కు నడిచి వెళ్ళాలి. పిల్లలకు అది సరదా, రాత్రి రెండుసార్లు లేచే పెద్దవాళ్ళకు మాత్రం ఇబ్బంది. వాళ్ళతో అయితే సిల్వర్టన్‌లో గానీ సేలంలో గానీ హోటల్ తీసుకోండి. సేలంలో ఇండియన్ భోజనం కూడా దొరుకుతుంది. పార్కు అంచున స్మిత్ క్రీక్ విలేజ్ కాటేజీలు మధ్యే మార్గం, బుక్ చేసేముందు ఆ గదికి బాత్రూమ్ లోపలే ఉందో లేదో చూసుకోండి.

మల్ట్‌నోమా ఫాల్స్‌తో పోలిక తప్పదు. అది 620 అడుగులు, పోర్ట్‌లాండ్‌కు దగ్గర, దాదాపు నడక లేకుండానే కింద నిలబడి చూడొచ్చు. అసలు నడవలేనివాళ్ళకు అదే సరైనది. అరగంట నెమ్మదిగా నడవగలిగినవాళ్ళు ఉంటే, ఒక రోజు ఖాళీ ఉంటే, మా ఓటు సిల్వర్ ఫాల్స్‌కే.