డాబాగార్డెన్స్ కాంపోనెంట్స్ షాపు: హెడ్‌ఫోన్ యాంప్ చేసుకునేవాళ్లు ఒకసారి వెళ్లాల్సిందే, 4 స్టార్లు

వైజాగ్‌లో రెసిస్టర్లు, కెపాసిటర్లు కావాలంటే డాబాగార్డెన్స్ వైపు వెళ్తాం కదా, ఈ షాపు గురించి మాత్రం ప్రత్యేకంగా రాయాలనిపించింది, ఎందుకంటే కౌంటర్ మీద మల్టీమీటర్ పెట్టుకుని పార్టు కొలిచి మరీ చూపించి ఇచ్చే ఓనర్ నాకు ఇక్కడే కనిపించారు. నేను వెళ్లింది జేబులో పట్టే హెడ్‌ఫోన్ యాంప్లిఫైయర్ సామాన్ల కోసం. చూ మోయ్ అనే ఆయన 1990ల చివర్లో నెట్‌లో పెట్టిన సర్క్యూట్, సీమోయ్ అంటారు, ఒక డ్యూయల్ ఆప్‌యాంప్ ఐసీ (సిగ్నల్‌ని పెంచే చిప్, రెండు ఛానెళ్లకీ ఒకటే), ఒక 9 వోల్ట్ బ్యాటరీ, గుప్పెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు, అంతే. మా ఫ్రెండ్ దగ్గర సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఉంది, 300 ఓమ్స్ అది, అంటే ఎక్కువ వోల్టేజ్ కావాలి, ఫోన్ డాంగిల్‌కి (చార్జింగ్ పోర్ట్‌లో పెట్టే హెడ్‌ఫోన్ అడాప్టర్) పెడితే ఫుల్ వాల్యూమ్‌లో కూడా నీరసంగా ఉంటుంది, వాడి కోసమే ఇదంతా. మామూలు 32 ఓమ్స్ ఇయర్‌ఫోన్స్ వాడేవాళ్లకి ఇది అక్కర్లేదు, డబ్బులు దండగ.

వాల్యూమ్ కంట్రోల్ దగ్గరే షాపు సంగతి అర్థమైంది. "దేనికి బాబూ, పాటలకేనా? అయితే ఏ అని రాసున్నది తీసుకో, బీ వద్దు" అన్నారు ఓనర్ గారు. కరెక్టే, బీ10కే (10కే అంటే 10 వేల ఓమ్స్) లీనియర్, అంటే తిప్పినంత మేర రెసిస్టెన్స్ సమానంగా మారేది, కాబట్టి కొంచెం తిప్పగానే సౌండ్ మొత్తం ఒకేసారి వచ్చేస్తుంది, ఏ10కే అయితే చెవికి తగ్గట్టు మెల్లగా పెరుగుతుంది. అక్కడితో ఆగలేదు, డబ్బాలోంచి ఆరు కాళ్ల స్టీరియో పాట్‌లు (వాల్యూమ్ కంట్రోల్‌లనే అలా అంటారు) కొన్ని తీసి ఒక్కోదాన్నీ కాస్త తిప్పి ఎడమ పక్క ఎంత, కుడి పక్క ఎంత అని మీటర్‌తో కొలిచి, రెండు పక్కలా దగ్గర దగ్గరగా చూపించినది నా చేతిలో పెట్టారు. చవక పాట్‌లలో తక్కువ వాల్యూమ్ దగ్గర ఒక చెవిలో ఎక్కువ, ఇంకో చెవిలో తక్కువ వస్తుంది, ఆ తలనొప్పి కౌంటర్ దగ్గరే పోయింది.

ఇంకోటి, యాంప్ పెట్టే డబ్బా రేకుది అని చెప్పగానే, అడాప్టర్ గుచ్చే డీసీ సాకెట్ ప్లాస్టిక్ బాడీది ఇచ్చారు. ఈ సర్క్యూట్‌లో గ్రౌండ్ అంటే బ్యాటరీ మైనస్ కాదండి, రెండు 4.7కే రెసిస్టర్లతో 9 వోల్టుల్ని సగానికి విడగొట్టి మధ్యలోంచి తీసిన పాయింట్, హెడ్‌ఫోన్ సాకెట్ బయటి మెటల్ దానికే కలుస్తుంది, అదే రేకు డబ్బాకి మైనస్ ఉన్న డీసీ సాకెట్ మెటల్ కూడా తగిలిందంటే సప్లైలో సగం షార్ట్ అయినట్టే, చాలామందికి యాంప్ పలక్కపోవడానికి ఇదొక కారణం. ఎల్‌ఈడీకి కూడా 1కే రెసిస్టర్ వద్దు, 10కే వెయ్యమన్నారు, 1కే వేస్తే ఆ దీపమే సుమారు 7 మిల్లీ ఆంపియర్లు లాగేస్తుంది, యాంప్‌లో నేను వేద్దామనుకున్న ఆప్‌యాంప్ ఓపీఏ2134 ఐసీ మొత్తం తీసుకునేదే 8 చిల్లర, అలాంటిది బ్యాటరీలో సగం దీపానికి పెట్టడం ఎందుకు.

అసలు మెచ్చుకోవాల్సింది రిపేర్ విషయంలో. ఐసీ నేను ఆన్‌లైన్‌లో ఒక సెల్లర్ దగ్గర తెప్పించా, పైన ఓపీఏ2134 అని నీట్‌గా ప్రింట్ ఉంది, పాట వస్తోంది గానీ హెడ్‌ఫోన్ పెట్టగానే టప్ మని గట్టిగా కొడుతోంది. డబ్బా పట్టుకెళ్తే ఆయన పాట పెట్టనివ్వలేదు, హెడ్‌ఫోన్ తీసేసి అవుట్‌పుట్‌కీ మధ్య గ్రౌండ్‌కీ డీసీ కొలిచారు, దాదాపు సున్నా ఉండాల్సిన చోట 0.2 వోల్టులు పైనే ఉంది. అసలైన ఓపీఏ2134కి జేఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) ఇన్‌పుట్, దాని ఇన్‌పుట్ కరెంట్ లెక్కలోకి రానంత తక్కువ, అదే ఎన్‌ఈ5532 లాంటి బైపోలార్ (ఇంకో రకం ట్రాన్సిస్టర్) ఐసీకి 200 నానో ఆంపియర్లు ఉంటుంది, అది ఇన్‌పుట్‌లో ఉన్న 100కే రెసిస్టర్ మీద 20 మిల్లీవోల్టులు, గెయిన్ 11, అంటే 11 రెట్లు పెంచుతుంది కాబట్టి బయటికి 220 మిల్లీవోల్టులు, మీటర్‌లో కనిపిస్తోంది సరిగ్గా అదే! ఐసీ బేస్‌లోంచి (ఐసీ గుచ్చే సాకెట్) ఐసీ లేపి షాపులో ఉన్న టీఎల్072, అదీ జేఫెట్ ఇన్‌పుట్‌దే, పెట్టి చూస్తే ఇరవై చిల్లర మిల్లీవోల్టులకి దిగిపోయింది. అంటే బోర్డు బాగానే ఉంది, ఐసీయే డూప్లికేట్, లోపల వేరే సరుకు పెట్టి పైన పేరు కొట్టారు. దీనికి ఆయన పైసా తీసుకోలేదు. తర్వాత అధికారిక డిస్ట్రిబ్యూటర్ దగ్గర తెప్పించిన ఐసీ పెడితే 5 మిల్లీవోల్టుల లోపే ఉంది, టప్ శబ్దం లేదు, హెచ్‌డీ 600లో బాస్ (లోతు శబ్దాలు) అయితే ఎంత హాయిగా ఉందో. అందుకే ఐసీని డైరెక్ట్‌గా సోల్డర్ చెయ్యకండి, ఐసీ బేస్ పెట్టండి, కొన్ని రూపాయలే.

బీచ్ దగ్గర ఇళ్లున్నవాళ్లు రేకు డబ్బాకి చిల్లులు పెట్టిన చోట్ల నెయిల్ పాలిష్ పూయండి, మన ఉప్పు గాలికి అక్కడే ముందు తుప్పు పడుతుంది.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే మంచి ఆడియో ఐసీలు దొరకవు, రెసిస్టర్లన్నీ 5 శాతం కార్బన్‌వే, రెండు ఛానెళ్లకీ గెయిన్ సమానంగా రావాలంటే జతలు కొలిచి ఏరుకోవాలి, ఆయన ఏరి ఇస్తారు గానీ రద్దీ టైంలో అడగలేం. బండి పెట్టుకోవడానికి చోటుండదు, బస్సులో వెళ్లడమే నయం. సర్క్యూట్ ప్రింట్ తీసుకెళ్తే పని తొందరగా అవుతుంది. ఓనర్ గారు ఇది చదివితే ఒకటే రిక్వెస్ట్, 1 శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు తెప్పించండి సార్, కొనేవాళ్లం ఉన్నాం.