లోవెల్ బూట్ కాటన్ మిల్స్ మ్యూజియం: మగ్గాల గది ఒక్కటే చూసి వచ్చేయకండి

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు లోవెల్‌లో ఉన్న బూట్ కాటన్ మిల్స్ మ్యూజియానికి వెళ్లివచ్చినవారు ఎక్కువగా మగ్గాల గది గురించే చెబుతారు. అక్కడున్న 88 మరమగ్గాల్లో కొన్నింటినే నడుపుతున్నా, సందర్శకులకు ఇయర్‌ప్లగ్‌లు ఇవ్వవలసినంత హోరు ఉంటుంది. పక్కవారి పెదవులు కదలడం కనిపిస్తుందే తప్ప మాట వినపడదు. అయితే ఆ మగ్గాలు ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లవి, 1830లలో పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలు నడిపినవి కావు.

ఆ అమ్మాయిల కథ తెలియాలంటే పక్కనే, ఒకనాటి కంపెనీ వసతి గృహంలో ఉన్న ప్రదర్శనకు వెళ్లాలి. ఒకే పడకగదిని నలుగురైదుగురు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువమంది పంచుకున్న తీరు చూస్తే, 1834లో జీతాలు తగ్గించినప్పుడూ 1836లో వసతి ఖర్చు పెంచినప్పుడూ వందలాదిమంది ఒక్కుమ్మడిగా పని మాని ఎలా బయటికి రాగలిగారో అర్థమవుతుంది. పగలు మగ్గం దగ్గర, రాత్రి ఒకే కప్పు కింద కలిసి బతికినవారికి సంఘటితం కావడం వేరే నేర్పవలసిన పని కాదు. 1844 చివర మిల్లు కార్మికురాలు శారా బాగ్లీ తదితరులు మహిళా కార్మిక సంఘం పెట్టి, పది గంటల పనిదినం కోసం శాసనసభకు అర్జీలు పంపారు. మసాచుసెట్స్‌లో ఆ చట్టం వచ్చేసరికి 1874 అయింది.

ఈ చరిత్ర ఇంత వివరంగా తెలియడం వెనుక చరిత్రకారుల ఓపిక ఉంది. చరిత్రకారుడు థామస్ డబ్లిన్, లోవెల్‌లోనే ఒకనాటి మరో నూలు మిల్లు అయిన హామిల్టన్ కంపెనీ జీతాల పుస్తకాల్లోని పేర్లను పట్టుకుని న్యూ హాంప్‌షైర్ గ్రామాల రికార్డుల దాకా వెళ్లి, వారిలో చాలామంది దిక్కులేనివారు కారనీ, మధ్యస్థాయి రైతుల కూతుళ్లనీ చూపించారు. విశ్వవిద్యాలయాల్లోనే ఉండిపోగల అటువంటి పరిశోధన, ఈ మ్యూజియం భాగంగా ఉన్న, 1978లో ఏర్పడిన జాతీయ చారిత్రక ఉద్యానవనంలో సామాన్యుడికి అందే రూపం తీసుకోవడమే నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం. బడిపిల్లలు తామే నేత నేసి చూసే కార్యక్రమాలు కూడా స్థానిక విశ్వవిద్యాలయంతో కలిసి నడుపుతున్నారు.

తర్వాతి కాలంలో వచ్చిన ఐరిష్, ఫ్రెంచ్ కెనడియన్, గ్రీకు కార్మికుల గురించిన ప్రదర్శన భాగాన్ని తొందరపడి దాటేయవద్దు. వీలైతే ముందు వసతి గృహం చూసి, ఆ తర్వాతే మగ్గాల గదికి వెళ్లండి.