ఎక్స్‌రే ఫిల్మ్ హోల్డర్ సెట్: ఆరు నెలలు వాడాక

పరకాల నుంచి రోజూ బస్సులో హనుమకొండ వచ్చి ఒక డెంటల్ క్లినిక్‌లో అసిస్టెంట్ పని నేర్చుకుంటున్నాను. ఈ ఆరు నెలల్లో నా డబ్బులతో కొన్న పనిముట్టు ఇదొక్కటే. వెయ్యి రూపాయలకు కాస్త తక్కువ పడింది. ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లకు అది చిన్న మొత్తం కాదు, అందుకే వివరంగా రాస్తున్నాను.

హోల్డర్ లేనప్పుడు నోట్లో పెట్టిన ఫిల్మ్‌ను పేషెంటే వేలితో నొక్కి పట్టుకునేవారు. మనం పట్టుకోకూడదు, ఆరడుగుల దూరం వెళ్లి స్విచ్ నొక్కాలి. ఆ వేలికి అనవసరంగా రేడియేషన్ తగులుతుంది, వేలు కాస్త కదిలినా ఫిల్మ్ జారిపోతుంది. కోన్ (ఎక్స్‌రే యంత్రం ముందుండే గొట్టం) వంపు అంతా మన అంచనా మీదే. పైన ముందు పళ్లకు 40 నుంచి 50 డిగ్రీలు కిందికి వంచాలి, పైన దవడ పళ్లకు 20 నుంచి 30, కింద దవడ పళ్లకు దాదాపు వంపే ఉండదు. ఈ అంకెలు నాకు నోటికి వచ్చాయి కానీ చేతికి రాలేదు. వంపు తగ్గితే పంటి వేరు సాగినట్టు పొడుగ్గా వస్తుంది, ఎక్కువైతే పొట్టిగా వస్తుంది. రూట్ కెనాల్‌కు వేరు పొడవు చూడాల్సిన డాక్టర్ గారికి అలాంటిది ఎందుకూ పనికిరాదు. మొదటి వారంలో ఒక పెద్దమ్మకు ఒకే పన్ను మూడుసార్లు తీశాను. మూడోసారి ఆమె "ఇంకెన్నిసార్లు బిడ్డా?" అని మెల్లగా అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ వారంలోనే ఈ సెట్ కొన్నాను.

ఇందులో నీలం రంగుది ముందు పళ్లకు, పసుపుది దవడ పళ్లకు, ఎరుపుది బైట్‌వింగ్‌కు, అంటే పై పళ్లూ కింది పళ్లూ కలిపి ఒకే ఫిల్మ్‌లో తీసే ఎక్స్‌రేకు. ఒక్కోదానికి మూడు భాగాలు: పేషెంట్ కొరికి పట్టుకునే బైట్ బ్లాక్, స్టీల్ కడ్డీ, నోటి బయట ఉండే రింగు. ఫిల్మ్ పంటికి సమాంతరంగా నిలబడుతుంది, కోన్‌ను రింగుకు ఆనిస్తే చాలు, వంపు కుదిరిపోతుంది.

పసుపుది బిగించడమే మొదట్లో తికమక. కుడి వైపు పై పళ్లకు ఎలా బిగిస్తామో ఎడమ వైపు కింది పళ్లకూ అలాగే. మిగతా రెండు మూలలకు తిప్పి బిగించాలి. బిగించాక రింగులోంచి ఒంటికన్నుతో చూడాలి. ఫిల్మ్ సరిగ్గా మధ్యలో కనిపించాలి. పక్కకు జరిగి ఉంటే కోన్ కట్ అవుతుంది, అంటే ఎక్స్‌రేలో ఒక అంచున నెలవంకలా తెల్లటి ఖాళీ మిగిలిపోతుంది. మా సీనియర్ అక్క "రింగులకెల్లి చూసినవా?" అని అడగకుండా నన్ను పేషెంట్ దగ్గరికి పోనివ్వదు. ఆమె దగ్గర నేర్చుకోవడం నా అదృష్టం.

హోల్డర్ వంపు చూసుకుంటుంది కానీ ఫిల్మ్ ఎటు తిప్పి పెట్టామో చూడదు. ఉబ్బెత్తు చుక్క ఉన్న వైపు కోన్‌కు ఎదురుగా ఉండాలి. నేనొకసారి తిరగేసి పెడితే వెనకుండాల్సిన సీసం రేకు ముందుకొచ్చి, పన్ను వెలిసిపోయినట్టు వచ్చింది, దాని మీద టైరు అచ్చులాంటి గీతలు పడ్డాయి.

లోపాలూ ఉన్నాయి. బైట్ బ్లాక్ పెద్దది. నా నోట్లో పెట్టుకుని చూశాను, కింద దవడ పళ్ల దగ్గర ఫిల్మ్ అంచు నాలుక కింద బాగా గుచ్చుకుంది. ఫిల్మ్‌ను పంటికి అంటించకుండా నాలుక వైపు కాస్త జరిపి, మెల్లగా నోరు మూయమంటే నొప్పి తగ్గుతుంది. బ్లాక్‌కూ ఎదుటి పళ్లకూ మధ్య దూది చుట్ట పెడితే ఇంకా నయం. వాంతి వచ్చినట్టుంది అనేవాళ్లకు ముందు పళ్లతో మొదలుపెట్టి, ముక్కుతో గాలి పీల్చమంటాను.

ఇంకో సంగతి కొనేముందే అడగండి. ఈ సెట్ ఫిల్మ్‌కే. మా దగ్గర ఆర్‌వీజీ (ఫిల్మ్ బదులు సెన్సర్‌తో తీసి కంప్యూటర్‌లో చూసే ఎక్స్‌రే) కూడా ఉంది, దాని సెన్సర్ మందం, ఈ సందులో పట్టదు. సెన్సర్ బ్లాకులు వేరే కొనాలి. షాపులో ఎవరూ నాకు ఆ మాట చెప్పలేదు.

ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌లో ఇన్నిసార్లు పెట్టినా బ్లాకులు, కడ్డీలు చెక్కుచెదరలేదు. పసుపు రింగుకు మాత్రం కడ్డీ దూరే రంధ్రం వదులై, రింగు కిందికి వాలుతోంది. వాలితే మళ్లీ కోన్ కట్టే. రింగు విడిగా దొరుకుతుందన్నారు, ఈ శనివారం అదొక్కటి తెచ్చుకుంటాను.