350జడ్ ట్రాక్ కారుకు పవర్ స్టీరింగ్ కూలర్: ఏది కొనాలి, ఎలా బిగించాలి

నిస్సాన్ 350జడ్ స్పోర్ట్స్ కారును ట్రాక్ డేలకు (సొంత కారును రేసు ట్రాక్ మీద నడిపే రోజులకు) తిప్పేవాళ్లు ముందు బ్రేక్ ప్యాడ్లు మారుస్తారు, తర్వాత ఇంజన్ ఆయిల్ కూలర్ పెడతారు. స్టీరింగ్ సంగతి గుర్తొచ్చేది రిజర్వాయర్ మూత పక్క నుంచి ఫ్లూయిడ్ పొంగి బానెట్ కింద పొగ లేచినప్పుడే. ఈ కారులో కంపెనీ ఇచ్చిన పవర్ స్టీరింగ్ కూలర్ అంటే ముందు వైపు వంచి తిప్పిన ఉత్త గొట్టం. రోడ్డుకు అది చాలు. 20 నిమిషాల సెషన్ మొత్తం ఇంజన్‌ను ఎర్రగీత (అది తిరగగల గరిష్ఠ వేగపు హద్దు) దగ్గరే ఉంచితే చాలదు.

వేడి పుట్టేది ప్రధానంగా పంపులో. బెల్టు మీద తిరిగే పంపు కాబట్టి ఇంజన్ ఎంత వేగంగా తిరిగితే అది అంత ఎక్కువ ఫ్లూయిడ్ తోస్తుంది. ముందు చక్రాలను తిప్పే స్టీరింగ్ ర్యాక్‌కు అంత అక్కర్లేదు. మిగిలినదాన్ని ఫ్లో కంట్రోల్ వాల్వు మళ్లీ పంపులోకే తిప్పుతుంది. ఆ తిరుగుడులోనే ఫ్లూయిడ్ కాగిపోతుంది. దీనికి తోడు జిగురు టైర్లు వేస్తే ర్యాక్ మీద బరువు, పంపు ప్రెషర్ రెండూ పెరుగుతాయి. కాగిన ఫ్లూయిడ్ పలచబడి, గాలి కలిసి నురగ కడుతుంది. పంపు మూలగడం, మలుపు మధ్యలో స్టీరింగ్ ఒక్కసారి బరువెక్కడం అక్కడి నుంచే మొదలవుతాయి.

మార్కెట్‌లో దొరికేవి రెండు రకాలు. ఒకటి డెరేల్ లాంటి కంపెనీల ట్యూబ్ అండ్ ఫిన్ కూలర్లు. గొట్టానికి రేకులు తొడిగి ఉంటాయి, వంద డాలర్ల లోపే వస్తాయి, రాయి తగిలినా ఓర్చుకుంటాయి. నెలకోసారి సరదాగా వెళ్లి, మామూలు సమ్మర్ టైర్ల మీద నడిపేవాళ్లకు ఇదే సరిపోతుంది. రెండోది స్వీడన్ కంపెనీ సెట్రాబ్ చేసే స్టాక్డ్ ప్లేట్ కోర్. ఫ్లూయిడ్ చాలా పలచటి పొరలుగా విడిపోయి ఒకేసారి అన్ని వరసల్లోంచీ పారుతుంది. అందువల్ల అదే సైజులో ఎక్కువ వేడి లాగుతుంది, రిటర్న్ లైన్లో అడ్డు కూడా పెద్దగా పెరగదు. సెమీ స్లిక్కుల (ట్రాక్ కోసం చేసే జిగురు టైర్ల) మీద నడిచే కారుకు మా ఓటు దీనికే. 10 నుంచి 13 వరసల చిన్న కోర్ చాలు. అంతకన్నా పెద్దది పెడితే రేడియేటర్‌కు వెళ్లాల్సిన గాలిని అడ్డుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

సెట్రాబ్‌తో ఒక చిక్కుంది. కోర్ ఒక్కటే కొంటే ఫిటింగులు రావు. పోర్టులు ఎం22×1.5 మరలు. వాటికి ఏఎన్-6 (3/8 అంగుళాల గొట్టానికి సరిపడే ఫిటింగు సైజు) అడాప్టర్లు రెండు విడిగా తీసుకోవాలి. బిగించేటప్పుడు పోర్టు మీద ఒక స్పానరు పట్టి నిలిపి, రెండో స్పానరుతో అడాప్టర్ తిప్పాలి. ఒక్క స్పానరుతో లాగితే మెత్తటి అల్యూమినియం మెడ మెలి తిరుగుతుంది. ఆ క్షణానికి ఏమీ కనిపించదు, వేడెక్కాక అతుకు దగ్గర చెమర్చడం మొదలవుతుంది.

కూలర్ ఎప్పుడూ ర్యాక్ నుంచి రిజర్వాయర్‌కు తిరిగొచ్చే రిటర్న్ లైన్లోనే. ప్రెషర్ లైన్లో వెయ్యి పీఎస్ఐ దాటుతుంది, దాని జోలికి వెళ్లొద్దు. హోస్ విషయంలో పీనాసితనం పనికిరాదు. 10 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న ఎస్ఏఈ జే189 పవర్ స్టీరింగ్ రిటర్న్ హోస్ గానీ, జే1532 ట్రాన్స్‌మిషన్ కూలర్ హోస్ గానీ తీసుకోండి. చేతిలో ఉందని రేడియేటర్ హోస్ ముక్క తొడిగితే దాని రబ్బరు ఫ్లూయిడ్‌కు ఉబ్బి మెత్తబడి జారిపోతుంది. క్లాంపులు నున్నటి అంచున్న ఫ్యూయల్ ఇంజెక్షన్ రకానివి మేలు. గాట్లున్న మామూలు క్లాంపు హోస్‌ను కోస్తుంది.

కోర్‌ను బంపర్ వెనక నేరుగా గాలి తగిలేచోట, రబ్బరు బుష్‌ల మీద, పోర్టులు పైకి ఉండేలా పెట్టాలి. పక్కకున్నా ఫర్వాలేదు, కిందికి మాత్రం పెట్టకూడదు. పైన చిక్కిన గాలి ఎంత బ్లీడ్ చేసినా (ఫ్లూయిడ్‌లోంచి గాలి తీసినా) బయటికి రాదు. ముందు ఒక జాలీ తప్పనిసరి.

ఫ్లూయిడ్ నిస్సాన్ పీఎస్ఎఫ్, లేదా దానికి సరిపడే రెడ్ లైన్ పవర్ స్టీరింగ్ ఫ్లూయిడ్. బీఎండబ్ల్యూలలో వాడే ఆకుపచ్చ సీహెచ్ఎఫ్ 11ఎస్ ఇందులో పోయకూడదు. పాతది పూర్తిగా కడిగి మార్చడానికి 2 లీటర్లు కొనండి. రిటర్న్ హోస్ ఊడదీసి సీసాలోకి వదిలి, రిజర్వాయర్ వైపు రంధ్రం మూసి, పై నుంచి కొత్తది పోస్తూ పోవాలి. తర్వాత హోస్ మళ్లీ తగిలించి, ముందు చక్రాలు లేపి, ఇంజన్ ఆపి ఉంచే స్టీరింగ్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి నెమ్మదిగా 20 సార్లు తిప్పండి, మట్టం తగ్గినప్పుడల్లా పోయండి. బుడగలు ఆగాకే స్టార్ట్ చేయాలి. చివరి దాకా తిప్పి 5 సెకన్లకు మించి పట్టి ఉంచొద్దు. ఫ్లూయిడ్ పాలలా తెల్లబడితే ఇంజన్ ఆపి, నురగ విరిగేదాకా ఆగడమే మార్గం.

చాలామంది పొంగుడుకు కూలర్‌ను తిడతారు గానీ అసలు కారణం మట్టమే. చల్లగా ఉన్నప్పటి నుంచి 100 డిగ్రీలు పెరిగితే లీటరు ఫ్లూయిడ్ దాదాపు 70–80 మి.లీ. వ్యాకోచిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు హాట్ గీత దాకా నింపితే అది బయటికి రాక ఎక్కడికి పోతుంది? కోల్డ్ గుర్తు దాటించకండి. మూత చుట్టూ టెన్నిస్ ఆటగాళ్లు కట్టుకునే రిస్ట్ బ్యాండ్ తొడగడం ట్రాక్ మీద పాత అలవాటు, మంచిదే. కానీ అది తడిస్తే మార్చాలి. వేడి ఎగ్జాస్ట్ పక్కన నూనె పీల్చిన గుడ్డను ఉంచడం అగ్నితో చెలగాటం.

కూలర్ పనిచేస్తోందో లేదో తేలాలంటే రిజర్వాయర్‌కు రంగు మారే టెంపరేచర్ స్టిక్కర్ అంటించండి. 120 డిగ్రీల గడి నల్లబడితే గాలి సరిగ్గా తగలడం లేదని అర్థం, ఆ ఫ్లూయిడ్ కూడా మార్చేయాలి. గాలి దారి సరిచేసినా తగ్గకపోతే అప్పుడు పంపుకు పెద్ద పుల్లీ వేసి దాని వేగం తగ్గించాలి. పార్కింగులో స్టీరింగ్ కాస్త బరువనిపిస్తుంది, అంతే. దీనికోసం తేలికపాటి క్రాంక్ పుల్లీ వేయడం మాత్రం మాకు నచ్చదు. అసలు పుల్లీలో కంపనాలను మింగే రబ్బరు ఉంటుంది, అది పోతుంది.

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు పాత హైడ్రాలిక్ స్టీరింగ్ సెడాన్లు తీసుకెళ్లే మనవాళ్లకూ ఈ పద్ధతంతా వర్తిస్తుంది. ఫ్లూయిడ్ రకం మాత్రం మీ కారు రిజర్వాయర్ మూత మీదో, మాన్యువల్లోనో చూసుకోవాలి. ఎలక్ట్రిక్ స్టీరింగ్ కార్లకు ఈ ఖర్చు దండగ. వాటిలో వేడెక్కేది మోటారు, కంట్రోల్ యూనిట్.

స్టాక్డ్ ప్లేట్ కూలర్ కొనేముందు తెలియాల్సింది ఇంకొకటుంది. పంపు అరిగి ఫ్లూయిడ్‌లో వెండి రజను మెరిస్తే, పంపుతో పాటు ఈ కూలర్‌నూ మార్చాల్సిందే. ఆ సన్నటి పొరల మధ్య ఇరుక్కున్న లోహపు పొడి ఎంత కడిగినా పూర్తిగా రాదు, కొత్త పంపును కూడా అదే తినేస్తుంది. ట్యూబ్ రకాన్నైతే కడిగి మళ్లీ వాడుకోవచ్చు. అందుకే పాత పంపు మూలుగుతున్న కారుకు ముందు పంపు మార్చి, రెండు మూడు సెషన్ల తర్వాత ఫ్లూయిడ్ శుభ్రంగా ఉందని చూసుకున్నాకే సెట్రాబ్‌కు డబ్బు పెట్టండి.