టెంపరేచర్ ప్రోబ్: ఆమ్లం పోయకముందు గీసే గీత కోసం

బ్యాటరీ, యాప్, కేబుల్ సంగతులు పెట్టె మీదే ఉన్నాయి, వాటి జోలికి పోను. ద్రావణంలో ముంచి యాప్‌లో చూసుకునే ఈ ఎలక్ట్రానిక్ థర్మామీటర్, అంటే ప్రోబ్‌లో నాకు నచ్చింది ఒక్కటే: ఉష్ణోగ్రతను సెకను సెకనుకీ గ్రాఫ్‌గా గీస్తూ పోతుంది. గాజు థర్మామీటర్‌తో దక్కేవి రెండే అంకెలు, మొదలూ గరిష్ఠమూ. మధ్యలో ఏం జరిగిందో అది చెప్పదు, మనమూ అడగం.

దీని విలువ తెలిసింది కిట్టులో దీనితోపాటు వచ్చిన కప్పు పుణ్యమా అని. తళతళలాడే అల్యూమినియం కప్పు. తటస్థీకరణ ప్రయోగానికి, అంటే ఆమ్లం, క్షారం కలిపి పుట్టే వేడిని కొలవడానికి, భేషుగ్గా పనికొస్తుందని కరపత్రంలో రాసి మరీ పంపారు. లెక్క తెలిసిందే: ఒక మోలార్ (లీటరుకు ఒక మోల్; మోల్ అంటే పదార్థాన్ని లెక్కించే రసాయన కొలత) హైడ్రోక్లోరిక్ ఆమ్లం 50 మి.లీ., అదే గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ 50 మి.లీ. కలిస్తే 0.05 మోల్ నీరు ఏర్పడుతుంది. మోల్ నీటికి 57.3 కిలోజౌల్స్ చొప్పున వేడి పుడుతుంది, అది ఎటూ పోకపోతే 6.8 డిగ్రీల పైచిలుకు పెరగాలి. యాప్ చూపే తేడా అంకె 6.7 దగ్గర ఉండేది. అంటే మోల్‌కు 56 కిలోజౌల్స్. ప్రాక్టికల్ రికార్డుకి ఇంతకన్నా ఏం కావాలి?

గ్రాఫ్ తెరిచి చూస్తే కథ వేరు. కప్పులో క్షారం, అంటే సోడియం హైడ్రాక్సైడ్, ఒక్కటే ఉన్నప్పుడు గీత చదునుగా ఉండాలి కదా. అది నిమిషానికి పదో వంతు డిగ్రీ చొప్పున పైకి పాకుతోంది, ఆమ్లం ఇంకా బీకరులోనే ఉంది! కప్పు లోపలి గోడకు సన్నని బుడగలు. సోడియం హైడ్రాక్సైడ్ ముందు పైపొర ఆక్సైడ్‌ను, తర్వాత అల్యూమినియంనే తినేస్తూ హైడ్రోజన్ వదులుతుంది, దాంతోపాటు వేడినీ. ఆ దొంగ వేడి నాలుగైదు నిమిషాల్లో దాదాపు అర డిగ్రీ. మరోపక్క, లెక్కలో ఎవరూ కలపని కప్పు లోహం తన వంతు వేడిని మింగేస్తోంది. ఒక తప్పు పెంచింది, ఇంకోటి తగ్గించింది, ఇద్దరూ కలిసి పాఠ్యపుస్తకం అంకె దగ్గర దింపారు. ఒక్క అంకెనే నమ్ముకుంటే ఈ దొంగతనం ఎన్నటికీ దొరికేది కాదు.

కప్పు బీరువాలోకి పోయింది. ఒకదాంట్లో ఒకటి పెట్టిన రెండు థర్మోకోల్ కప్పులు, మూత, అవి ఒరిగిపోకుండా బయట ఒక బీకరు: ఇప్పుడు ఇంతే. ఆమ్లం పోయకముందు గీత చదునుగా ఉంటుంది, కలిపాక నిలువుగా లేచి మెల్లగా దిగుతుంది. ఆ దిగే గీతను స్కేలుతో కలిపిన క్షణం దాకా వెనక్కి పొడిగిస్తే అసలు పెరుగుదల తెలుస్తుంది. గరిష్ఠం అంకెను నేనిప్పుడు చూడను, ఎందుకంటే స్టీలు తొడుగు వల్ల ప్రోబ్ కొన్ని సెకన్లు వెనకబడుతుంది, ఈలోపు కొంత వేడి జారిపోతుంది.

ఇంత పొగిడాక ఒక మాట తగ్గించుకోవాలి. నా దగ్గరున్న రకం 0.1 డిగ్రీ మెట్లలో చూపుతుంది. అమ్మోనియాతో హైడ్రోక్లోరిక్ ఆమ్లం చర్యకు మోల్‌కు 51.5 కిలోజౌల్సే, అంటే సోడియం హైడ్రాక్సైడ్‌తో వచ్చేదానికన్నా 0.7 డిగ్రీ తక్కువ, స్పష్టంగా కనబడుతుంది. ఎసిటిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్ జతకు 55.2. ప్రబల ఆమ్లమైన హైడ్రోక్లోరిక్‌తో పోలిస్తే తేడా పావు డిగ్రీ, రెండు మూడు మెట్లు. బలహీన ఆమ్లం అయనీకరణానికి కొంత వేడి ఖర్చవుతుందని బోర్డు మీద చెప్పి, దీన్ని చూపించబోతే కొన్నిసార్లు గ్రాఫ్ పరువు తీస్తుంది. గాఢత రెట్టింపు చేస్తే తేడా కూడా రెట్టింపవుతుంది, ఘనపరిమాణాలు పెంచితే లాభం లేదు.

నాకు బ్యాచ్ తర్వాత బ్యాచ్ ఇదే ప్రయోగం, గ్రాఫ్‌ను తెర మీద అందరికీ ఒకేసారి చూపాలి, కాబట్టి దీన్ని వదులుకోను. ఏడాదికోసారి చేసేవాళ్లకి పదో వంతు గీతలున్న గాజు థర్మామీటర్, ఒక స్టాప్‌వాచ్, అర నిమిషానికోసారి రీడింగ్ రాసే ఓపిక ఉంటే ఇదే గీత చేత్తో గీసుకోవచ్చు. కొనేవాళ్లు మాత్రం ప్రోబ్ విడిగా తీసుకోండి, కిట్టు వద్దు.