ఒక్క ఆంప్‌తో స్టీరియో గిటార్: చాలాకాలం వాడాక

రెండు అవుట్‌పుట్‌లున్న కోరస్ పెడల్ (అసలు సౌండ్‌కి శ్రుతి కొద్దిగా ఊగే సౌండ్‌ని జతచేసే చిన్న పెట్టె) ఉంటే స్టీరియో కోసం రెండో గిటార్ ఆంప్ (గిటార్ సౌండ్ పెంచే స్పీకర్ పెట్టె) కొనక్కర్లేదు. ఒక కేబుల్ ఎప్పటిలాగే ఆంప్‌లోకి, రెండోది మిక్సర్ మీదుగా స్టేజీ అవతలి స్పీకర్‌లోకి, అంతే. పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల చర్చిల్లో, క్రిస్మస్ సభల్లో ఏళ్లుగా ఇలాగే వాయిస్తున్నాను. ఇప్పటికీ మొదటి కార్డ్ కొట్టగానే ఒళ్లు పులకరిస్తుంది.

ఎందుకంటే మామూలుగా అసలు సౌండూ, శ్రుతి కొద్దిగా ఊగే సౌండూ పెడల్‌లోనే కలిసిపోయి ఒకే స్పీకర్‌లోంచి వస్తాయి. ఇక్కడ ఒకవైపు అసలుది, ఇంకోవైపు ఊగేది విడివిడిగా వచ్చి గాలిలో కలుస్తాయి. 1975లో రోలాండ్ కంపెనీ వాళ్లు జేసీ-120 అనే గిటార్ ఆంప్‌లో చేసింది ఇదే, ఒకే పెట్టెలో రెండు 12 అంగుళాల స్పీకర్లు, ఒక్కోదానికి విడిగా 60 వాట్లు. ఆ బరువు నేను స్కూటర్ మీద కాలవగట్టున తీసుకెళ్లలేను కాబట్టి నాకు ఈ పద్ధతే గతి, గతి అన్నా ఇష్టంగానే.

డిస్టార్షన్ (సౌండ్‌ని గరగరలాడించే ఎఫెక్ట్) వాడేవాళ్లు మాత్రం రెండో కేబుల్‌ని నేరుగా మిక్సర్‌కి ఇవ్వకండి. గిటార్ స్పీకర్ పై ఫ్రీక్వెన్సీలని చాలావరకు కోసేస్తుంది, సభల స్పీకర్ కోయదు, నూనెలో అప్పడం వేసినట్టు చిటపటలాడుతుంది. మధ్యలో గిటార్ స్పీకర్‌లాగే ఆ పైవాటిని కోసే క్యాబ్ సిమ్యులేటర్ ఉండాలి.

ఇక నన్ను బాగా ఏడిపించింది హమ్. ఒక పల్లెలో రాత్రి సభ, మిక్సర్ జనరేటర్ మీద, నా ఆంప్‌కి పక్కింటి కరెంటు. రెండో కేబుల్ పెట్టగానే గుయ్‌మని మొదలైంది, ప్రార్థన జరుగుతుంటే ఆ మోత. కేబుల్ మార్చాం, పెడల్ అడాప్టర్ తీసి బ్యాటరీ వేశాం, తగ్గలేదు. ఆంప్ ప్లగ్‌కి ఎర్త్ పిన్ పీకేద్దాం అన్నాడొకడు, నేను గట్టిగా వద్దన్నాను, తీగలు చేతిలో పట్టుకుని మైక్ ముందు నిలబడేవాడికి అది ప్రాణాంతకం. చివరికి సౌండ్ ఆయన పెట్టెలోంచి ఒక డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే పెట్టె) తీసి, "ఆయ్, ఎర్త్ రెండు దార్లంట తిరుగుతుందండీ, ఇది మధ్యలో పెడితే తెగిపోద్ది" అని, కరెంటు ఎర్త్ జోలికి పోకుండా సిగ్నల్ కేబుల్ ఎర్త్‌ని మాత్రమే తెంచే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కారు. టక్కున ఆగింది. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న రకం అది, సిగ్నల్ దాటుతుంది, రెండు వైపుల వైర్ల మధ్య నేరు కనెక్షన్ ఉండదు. మర్నాడే అలాంటిది కొనుక్కున్నాను, అది బ్యాగులో లేకుండా ఇల్లు కదలను.

పైన పులకరింత అన్నాను కదా, అది ప్రధానంగా నాకూ, మధ్యలో కూర్చున్నవాళ్లకీ. మా దగ్గర చర్చిల్లో ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు కూర్చుంటారు. అవతలి స్పీకర్ ఆడవాళ్ల వైపు ఉండేది, వాళ్లకి ఊగే సౌండే ఎక్కువగా వినపడేది. ఆరాధన అయ్యాక మా పిన్ని వచ్చి "నీ గిటార్ శ్రుతి తప్పిందిరా" అంది. ట్యూనర్ పెట్టి చూస్తే అన్ని తీగలూ సరిగ్గానే ఉన్నాయి! అప్పట్నుంచి ఆంప్ ముందు మైక్ పెట్టి అసలు సౌండ్ కొంచెం ఆ వైపుకీ పంపిస్తున్నాం, పెడల్ డెప్త్ (శ్రుతి ఎంత ఊగాలో పెట్టేది) తగ్గించాను. స్టీరియో వెడల్పు కొంత పోయింది, పాట మాత్రం అందరికీ సరిగ్గా వినపడుతోంది.

కోరస్ బదులు ఒకవైపుని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేసే హాస్ పద్ధతీ వాడి చూశాను. హాల్లో చాలా బాగుంటుంది. కానీ లైవ్ ప్రసారంలో రెండు వైపులూ ఒకే ఛానల్‌గా కలిపేస్తే 10 మిల్లీసెకన్ల తేడాకి 50, 150, 250 హెర్ట్జ్, ఇలా వరసగా కొట్టుకుపోయి గిటార్ పీలగా వస్తుంది. మా చర్చి లైవ్ ఒకే ఛానల్, కాబట్టి మానేశాను.

నాకు వారం వారం అదే హాలు, అదే సౌండ్ ఆయన కాబట్టి ఇది కుదిరింది. రోజుకో ఊరు, పూటకో సౌండ్ సెట్ అయితే చెక్ చేసుకునే టైమ్ దొరకదు, అలాంటి రాత్రుళ్లు నేనే రెండో కేబుల్ బ్యాగులోంచి బయటికి తీయను, ఆంప్ ఒక్కటే పెట్టుకుని వాయించేస్తాను.