ఉప్పుగాలికి పట్టేసిన బోల్టు, ఒక డబ్బా డబ్ల్యూడీ-40

మైపాడు దగ్గర మాకు రొయ్యల చెరువులున్నాయి. నా పాత ఆల్టో రోజూ ఆ గట్ల మీదే తిరుగుతుంది. పైన సముద్రపు గాలి, కింద ఉప్పునీళ్ల బురద. బండి అడుగున తుప్పు పట్టని నట్టు లేదు.

పోయిన వారం ముందువైపు షాకబ్జర్ ఆయిల్ కారుతుంటే నేనే మార్చుదామని దిగాను. చక్రం దగ్గర దాన్ని పట్టుకుని ఉండేవి రెండు బోల్టులు. ఒకటి వచ్చింది. రెండోది ససేమిరా అంది. మా చెరువు కాపలా అబ్బాయి "అన్నా, ఇంక గ్యాస్ కట్టరే" అన్నాడు. నాకు ఆ మాటంటేనే టెన్షన్. మూడేళ్ల కింద ఒక షెడ్డులో ఇలాంటి బోల్టుకే మంట పెట్టి పక్కనున్న రబ్బరు బుష్షు కాల్చేశారు.

ముందు వైరు బ్రష్షుతో బోల్టు మరల మీది మట్టి మొత్తం గీకాను. ఇది చేయకుండా డబ్ల్యూడీ-40 (పట్టేసిన మరల్ని వదులు చేసే స్ప్రే ఆయిల్) కొడితే ఆయిల్ పైపైనే జారిపోతుంది. బ్రేక్ డిస్కు పక్కనే ఉంది కాబట్టి దానికి కవరు చుట్టాను. ఆయిల్ తగిలితే బ్రేకు పట్టదు. తర్వాత స్ప్రే కొట్టి, బోల్టు తల మీద సుత్తితో చిన్నగా తట్టాను. మర ఉన్న చివర మీద మాత్రం కొట్టకండి, అది విచ్చుకుంటే నట్టు ఇక రాదు. రాత్రంతా వదిలేసి పొద్దున్నే ఇంకోసారి కొట్టాను.

తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, మరల సందుల్లో గట్టిగా కూరుకుపోతుంది. ఆయిల్ అందులోకి పాకడానికి టైం కావాలి. పది నిమిషాలు చూసి డబ్బా పనికిరాదనేవాళ్లు ఆ టైం ఇవ్వరు.

ఆరు మూలల సాకెట్ పెట్టి, హ్యాండిల్‌కు ఇనప గొట్టం తొడిగి, ముందు కొంచెం బిగించే వైపు లాగాను. 'టక్' మంది. ఆ చప్పుడుకి నా ప్రాణం లేచొచ్చింది. అర చుట్టు విప్పడం, పావు చుట్టు వెనక్కి, మళ్లీ స్ప్రే. మరల్లోంచి చింతపులుసు రంగు నీళ్లు కారాయి. నట్టు మూలలు ఒక్కటీ అరగలేదు.

డబ్బాకి నా మార్కు పదికి ఎనిమిది. 1953లో నీటిని తరిమే ద్రవం కోసం చేసిన 40వ ప్రయత్నం ఇది, పేరు కూడా అదే చెబుతుంది: డబ్ల్యూడీ అంటే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, నీటిని తరమడం. అందుకే తడి తీయడంలో దీనికి తిరుగులేదు. బాగా జంగు పట్టినవాటికి అదే కంపెనీ వేరే పెనిట్రెంట్ (సందుల్లోకి దూరే ఆయిల్) కూడా అమ్ముతుంది. తిరిగి బిగించాక కాపాడుతుందని మాత్రం దీన్ని నమ్ముకోకండి, దీని పొర చాలా పల్చన. నేను కొత్త బోల్టులే వేశాను. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల బోల్టులకూ వాడుతున్నా, కానీ వాటిని గట్టు మీదికి తెచ్చి, గుడ్డతో తుడిచాకే నీళ్లలోకి దింపుతా. రొయ్యతో ఆటలొద్దు.

రెండో వైపు షాకబ్జర్ ఈ ఆదివారం. దానికి శుక్రవారం సాయంత్రమే కొట్టి పెడతాను. ఈ బోల్టులు విప్పితే చక్రం వాలు మారుతుంది కాబట్టి, రెండూ అయ్యాక నెల్లూరు తీసుకెళ్లి అలైన్‌మెంట్ చేయించాలి.